సిమెంటు తాగే నీరు, దాచుకునే ఉప్పు

కర్నూలు, కడప ప్రాంతాలు సిమెంటుకు పుట్టిళ్లు. ఎర్రగుంట్ల, చిలమకూరు, కమలాపురం, జమ్మలమడుగు వైపు వెళ్లినా, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు వెళ్లినా సున్నపురాయి గనులు, ఫ్యాక్టరీ గొట్టాలు కనిపిస్తాయి. మన నేలలోని రాయి సిమెంటు బస్తాలకెక్కి ఎక్కడెక్కడికో పోతోంది. కానీ అదే సిమెంటుతో ఇక్కడ కట్టిన గోడలు చాలాచోట్ల కొన్నేళ్లకే అడుగున తెల్లగా ఉప్పు పూస్తాయి. ప్లాస్టరింగ్ పెచ్చులూడుతుంది. వాటర్ ట్యాంకు అడుగున తుప్పు పట్టిన కమ్మీలు బయటికి తొంగిచూస్తాయి. వెంటనే మనం “సిమెంటు మంచిది కాదు” అంటాం, లేదా “మేస్త్రీ సరిగ్గా కట్టలేదు” అంటాం. ఆ రెండూ నిజం కావచ్చు. అయితే ఎవరూ అడగని మూడో కారణం ఒకటుంది. అది నీళ్లు.

మసీదు, మదరసా, షాదీఖానా, అనాథ పిల్లల వసతిగృహం, బస్తీలో మంచినీళ్ల ట్యాంకు వంటివన్నీ పదిమంది ఇచ్చిన చందాలతో లేచే కట్టడాలు. రోజు కూలి మీద బతికేవాడు కూడా పది రూపాయలు వేసి ఉంటాడు. ఇచ్చినవారు వెళ్లిపోయాక కూడా సాగే మేలునే సదఖా-ఎ-జారియా అంటున్నాం. మరి ఆ మేలు యాభై ఏళ్లు సాగాలంటే కట్టించే కమిటీకి ఒక సంగతి తెలిసి ఉండాలి. సిమెంటు రాయిలాగా కనిపించినా, అది నీటిని తాగుతుంది. నీటితోపాటు అందులో కరిగి ఉన్నదాన్ని కూడా తాగుతుంది. తాగినదానిలో కొంత దాచుకుంటుంది, కొంత తిరిగి కక్కుతుంది. ఈ వ్యాసం ఆ గుణం గురించే.

గట్టిపడిన సిమెంటు లోపల ఏముంది?

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. ఆ కలయికలో కాల్షియం, సిలికా, నీరు కలిసిన జిగురులాంటి పదార్థం ఏర్పడుతుంది. కాంక్రీటుకు బలం ఇచ్చేది అదే. కలపడానికి పోసిన నీటిలో సిమెంటుతో కలవగా మిగిలింది మెల్లగా ఆవిరైపోతుంది. అది ఉన్నచోట కంటికి కనిపించని సన్నని దారులు మిగులుతాయి. నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ దారులు.

ఆ జిగురు పదార్థం లోపలి ముఖాలన్నీ పరిచి కొలవగలిగితే ఎంత వస్తుందో ఊహించండి. నీటి ఆవిరితో చేసే కొలత ప్రకారం ఒక్క గ్రాముకు సుమారు 200 చదరపు మీటర్లు. అంటే దాదాపు ఐదు సెంట్ల స్థలం! చిటికెడు సిమెంటు గారలో ఐదు సెంట్ల నేల మడతపెట్టి ఉన్నట్టు. అంత విస్తీర్ణం మీద నీటిలో కరిగినవి ఏవో ఒకటి అంటుకోక మానవు.

ఉప్పు లోపలికి చేరాక మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి, సన్నని దారుల్లోని నీటిలో కరిగి స్వేచ్ఛగా తిరుగుతుంది. రెండు, ఆ విశాలమైన లోపలి ముఖాల మీద అంటుకొని నిలుస్తుంది. దీన్నే శాస్త్రంలో అధిశోషణం అంటారు. మూడు, సిమెంటులోని పదార్థాలతో కలిసి కొత్త లవణంగా మారుతుంది. స్పాంజి నీళ్లు పీల్చడం వేరు, అయస్కాంతం ఇనుపరజను పట్టుకోవడం వేరు, పాలు తోడుకొని పెరుగు కావడం వేరు. సిమెంటులో ఈ మూడు పనులూ ఒకేసారి జరుగుతుంటాయి.

మన నీళ్లు, మన ఎండ

రాయలసీమలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. వానగా పడేదానికంటే ఆవిరి కాగలిగేదే ఎక్కువ. నేలలోని లవణాలను కడిగి తీసుకుపోయే నీళ్లు చాలవు. అందుకే నల్లరేగడి పొలాల్లో, పల్లపు చోట్ల సవుడు తేలుతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానో, గడుసుగానో ఉంటాయి. తుంగభద్ర, కె.సి. కాలువ, పెన్న నీళ్లు అందే ఊళ్లకు కొంత నయం. అందని ఊళ్లలో ఇల్లు కట్టినా, మసీదు కట్టినా బోరు నీళ్లే గతి.

ఒక చిన్న లెక్క చూద్దాం. లీటరుకు 2000 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు వెయ్యి లీటర్లు తీసుకుంటే అందులో రెండు కిలోల ఉప్పు ఉంటుంది. ఆ నీటిని గోడకు పట్టించామనుకోండి. నీరు ఎండకు పోతుంది, రెండు కిలోలు గోడ మీదా గోడలోనూ మిగులుతాయి. ఆర్ఓ ప్లాంటు వదిలే వ్యర్థజలం ఇంకా చిక్కనిది. పోసిన నీటిలో సగం మంచినీరుగా తీస్తే మిగిలిన సగంలో ఉప్పు ఇంచుమించు రెట్టింపవుతుంది. మన సంఘాలు చాలాచోట్ల ఆర్ఓ ప్లాంట్లు నడుపుతున్నాయి. ఆ నీళ్లు వృథా అవుతున్నాయని కొత్త గోడలకు పట్టిస్తే పొదుపు కాదు, నష్టం.

కట్టడం పూర్తయ్యాక కూడా ఈ పని ఆగదు. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టు గోడ పునాది తడిని పైకి లాక్కుంటుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో ఎండకు, గాలికి ఆ తడి ఆవిరవుతుంది. ఉప్పు సరిగ్గా అక్కడే పేరుకుంటుంది. పైకి తెల్లగా పూసిన ఉప్పు చూడటానికి బాగుండదు కానీ అది పెద్ద ప్రమాదం కాదు. చీపురుతో ఊడ్చేయవచ్చు. ప్లాస్టరింగ్ వెనక, రంగు పొర కింద స్ఫటికం కట్టే ఉప్పు మాత్రం పెచ్చులు లేపుతుంది.

ఇందులో సోడియం సల్ఫేటు మహా గడుసుది. సుమారు 32 డిగ్రీల కంటే వేడిగా ఉన్నప్పుడు అది పొడి ఉప్పుగా ఉంటుంది. అంతకంటే చల్లబడి తడి తగిలితే పది అణువుల నీటిని కలుపుకొని నాలుగు రెట్ల పరిమాణానికి ఉబ్బుతుంది. కర్నూలు, కడపల్లో ఏడాదిలో ఎన్నో నెలలు పగలు 32 దాటి, రాత్రి దాని కిందికి దిగుతుంది. అంటే గోడలోని ఆ ఉప్పుకు తడి అందినప్పుడల్లా పగలు ముడుచుకొని రాత్రి ఉబ్బే అవకాశం దొరుకుతుంది. లోపలి నుంచి రోజూ ఒక చిన్న ఉలి దెబ్బ పడుతున్నట్టే.

కమ్మీలకు కాపలా, కాపలాకు చేటు

కాంక్రీటులోని ఇనుప కమ్మీ వెంటనే ఎందుకు తుప్పు పట్టదు? సిమెంటు లోపలి నీరు గాఢమైన క్షారం. దాని పీహెచ్ పన్నెండున్నరకు పైనే. ఆ క్షారంలో ఇనుము మీద పలుచని రక్షణపొర ఏర్పడుతుంది. క్లోరైడు, అంటే తినే ఉప్పులో ఉండే భాగం, తగినంత చేరితే ఆ పొర అక్కడక్కడా చిల్లులు పడుతుంది. తుప్పు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. అది కాంక్రీటును పగలదీస్తుంది. పగులులోంచి మరింత నీరు, మరింత గాలి, మరింత తుప్పు.

అయితే సిమెంటు చేతులు ముడుచుకొని కూర్చోదు. దానిలోని అల్యూమినేటు అనే భాగం క్లోరైడును పట్టి ఫ్రీడెల్ లవణం అనే పదార్థంగా కట్టేస్తుంది. జిగురు పదార్థం మరికొంత పట్టి ఉంచుతుంది. అలా బంధించబడిన క్లోరైడు కమ్మీ జోలికి పోదు. స్వేచ్ఛగా తిరిగేదే హాని చేస్తుంది. ఈ విషయం తెలియక కొందరు “సిమెంటే ఉప్పును మింగేస్తుంది, భయం లేదు” అని ధైర్యం చెబుతారు. ఆ కాపలా శాశ్వతం కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ క్షారాన్ని తగ్గిస్తుంది. అప్పుడు ఫ్రీడెల్ లవణం విడిపోయి, బంధించిన క్లోరైడును వదిలేస్తుంది. దాచుకున్న అప్పు ఒక్కసారి తీర్చమన్నట్టు ఉంటుంది. పదేళ్లు బాగున్న స్లాబు ఆ తర్వాత గబగబా పాడైపోవడానికి ఇదొక కారణం.

సల్ఫేటు కథ వేరు. అది కూడా అదే అల్యూమినేటును పట్టుకుంటుంది కానీ, గట్టిపడిన కాంక్రీటులో ఉబ్బే స్ఫటికాలను పెంచి పగుళ్లు తెస్తుంది. అందుకే అల్యూమినేటు తక్కువగా ఉండే సల్ఫేటు నిరోధక సిమెంటు తయారుచేశారు. కానీ అల్యూమినేటు తగ్గితే క్లోరైడును పట్టే శక్తీ తగ్గుతుంది. రెండు ఉప్పులూ ఉన్న నేలలో ఏం చేయాలి? బూడిద కలిపిన పోజలానా సిమెంటు, లేదా ఉక్కు ఫ్యాక్టరీల స్లాగు కలిపిన సిమెంటు వాడటం మంచి దారి. వీటిలో దారులు సన్నబడతాయి, నీరు మెల్లగా దిగుతుంది. ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలగా వచ్చే బూడిదలాంటిదే పోజలానా సిమెంటులోకి పోయేది. ఒక్క షరతు ఉంది. ఈ సిమెంట్లకు ఎక్కువ రోజులు నీళ్లు పెట్టాలి. మూడు రోజులకే ఆపేస్తే వాటి మేలు మనకు దక్కదు.

బెల్లం, నెయ్యి, మురుగు

ఉప్పు సంగతి ఇలా ఉంటే, చెట్టూ జీవమూ నుంచి వచ్చే సేంద్రియ పదార్థాల సంగతి మరోలా ఉంటుంది. పాత కట్టడాలకు డంగు సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారని పెద్దలు చెబుతారు. సున్నానికి అది పనికొచ్చింది. సిమెంటుకు అదే పని చేస్తుందనుకుంటే పొరపాటు. చక్కెర అణువులు సిమెంటు రేణువుల మీద, అప్పుడే పుడుతున్న జిగురు మీద అంటుకొని దాన్ని పెరగనివ్వవు. సిమెంటు బరువులో నూటికి 0.05 వంతు చక్కెర చాలు, గట్టిపడటం గంటల తరబడి ఆలస్యమవుతుంది. 50 కిలోల బస్తాకు అది 25 గ్రాములు, ఐదు గ్లాసుల టీకి పట్టే చక్కెర. 100 గ్రాములకు మించితే ఆ గార గట్టిపడకుండానే ఉండిపోవచ్చు. బెల్లం పాకం అంటిన డ్రమ్ముల్లో నీళ్లు పట్టి కాంక్రీటు కలపకూడదనేది ఇందుకే.

అదే గుణాన్ని కొలిచి వాడితే మందు. ఇప్పుడు డబ్బాల్లో దొరికే కాంక్రీటు అడ్మిక్చర్లలో చాలావరకు రేణువులకు అంటుకొని వాటిని విడదీసే సేంద్రియ పదార్థాలే. నీళ్లు తక్కువ పోసినా కాంక్రీటు జారుగా పారుతుంది. చేతి అంచనాతో గాక డబ్బా మీద రాసిన కొలతతో వాడాలి.

షాదీఖానా వంటగది గచ్చు చూడండి. దేగ్‌లు దించే చోట, గిన్నెలు కడిగే చోట సిమెంటు ముందుగా మెత్తబడుతుంది. నెయ్యి, నూనెలలోని కొవ్వు ఆమ్లాలు సిమెంటులోని సున్నంతో కలిసి ఒక రకం సబ్బుగా మారతాయి. చింతపండు, నిమ్మ, మజ్జిగల పులుపు కూడా సున్నాన్ని కరిగిస్తుంది. అక్కడ ఒట్టి సిమెంటు గచ్చు కంటే రాయి, టైలు మేలు. వాటి మధ్య సందులను కూడా పులుపు తట్టుకునే పదార్థంతో నింపాలి.

అన్నిటికంటే ప్రమాదమైనది సెప్టిక్ ట్యాంకు. మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు లేస్తుంది. నీటి మట్టానికి పైన, తడి మూత అడుగున సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. కింద మురుగులో మునిగిన గోడ బాగుంటే, పైన మూత లోపలి నుంచి తినేయబడుతుంది. పైకి గట్టిగా కనిపించే మూత ఒకరోజు పిల్లవాడి బరువుకే విరగవచ్చు. ఆ వాయువు ప్రాణాంతకం కూడా. ఎవరినీ ట్యాంకులోకి దించకూడదు.

సంపు నీళ్లను గోడ వడపోస్తుందా?

సిమెంటుకు పట్టుకునే గుణం ఉంది కాబట్టి సిమెంటు సంపులో నీళ్లు శుభ్రపడతాయా అని కొందరు అడుగుతారు. ప్రపంచంలో ఈ గుణాన్ని పెద్ద పనికి వాడుతున్న మాట నిజమే. మన దేశంతో సహా అణుశక్తి ఉన్న దేశాలు తక్కువ, మధ్య స్థాయి రేడియోధార్మిక వ్యర్థాలను సిమెంటులో కలిపి గట్టిపరుస్తాయి. అక్కడ తేలిన పాఠాలు మనకూ పనికొస్తాయి. సిమెంటు అన్నిటినీ ఒకేలా పట్టదు. సీసియం వంటివాటిని సరిగా పట్టలేదు కాబట్టి కొన్ని రకాల బంకమట్టి కలపాల్సి వచ్చింది. ఇంకొకటి, వ్యర్థాల్లో గుడ్డ, కాగితం ఉంటే సిమెంటు క్షారంలో అవి చివికి ఆమ్లాలుగా మారి, సిమెంటు పట్టిన కొన్ని లోహాలను విడిపించుకుపోతాయి. అంటే పట్టు ఎంత బలమైనదైనా పక్కన ఏముందో దాన్ని బట్టి సడలుతుంది.

అలాంటప్పుడు సంపు గోడను నమ్ముకొని పక్కనే మురుగు గుంత తవ్వడం తగదు. మురుగు నుంచి వచ్చే నైట్రేటును సిమెంటు గట్టిగా పట్టి ఉంచలేదు. పగులు ఉంటే అసలు పట్టేది లేదు, నీరు నేరుగా వచ్చేస్తుంది. నైట్రేటు రంగూ వాసనా లేనిది. పసిపిల్లలకు హాని. సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు ఉమ్మడి గోడ ఎప్పుడూ ఉండకూడదు. స్థలం ఎంత ఇరుకైనా వీలైనంత దూరం పెట్టి, సంపును మెరక వైపు ఉంచాలి.

పాత కట్టడాలకు కొత్త సిమెంటు

కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్, గండికోట జామియా మసీదు వంటివి సిమెంటు పుట్టకముందు సున్నంతో కట్టినవి. ఊళ్లలోని పాత దర్గాలు, మసీదులు, ఇళ్లు ఎన్నో అలాంటివే. సున్నపు గోడ తడిని పీల్చి తేలిగ్గా వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడికి దారి మూసుకుపోతుంది. ఉప్పు ఆ రెండింటి మధ్య చేరి, పాత రాయినీ ఇటుకనీ తినడం మొదలుపెడుతుంది. బాగు చేద్దామనే మంచి ఉద్దేశంతోనే చేటు జరుగుతుంది. పాత కట్టడానికి సున్నపు పనే సరైనది. వరద నీళ్లలో నానిన గోడలకు కూడా తొందరపడి ప్లాస్టరింగ్ చేయకూడదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినట్టు మునిగినప్పుడు గోడ నిండా మురుగూ ఉప్పూ చేరతాయి. పూర్తిగా ఆరనిచ్చి, తేలిన ఉప్పును పొడిగా ఊడ్చి, ఆ తర్వాతే పూత పెట్టాలి.

కట్టించేవారు గుర్తుంచుకోవలసినవి

భారత ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం కమ్మీలున్న కాంక్రీటు కలిపే నీటిలో లీటరుకు క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదు. కమ్మీల్లేని కాంక్రీటుకు 2000 వరకు పరవాలేదు. సల్ఫేట్లు 400, సేంద్రియ పదార్థం 200 దాటకూడదు. తాగునీటి ప్రమాణంలో, వేరే దిక్కులేనప్పుడు క్లోరైడు 1000 వరకు ఒప్పుకుంటారు. అంటే గత్యంతరం లేక మనిషి తాగుతున్న నీళ్లు కూడా స్లాబుకు పనికిరాకపోవచ్చు! “మేం తాగే నీళ్లే కదా” అనే మాట ఇక్కడ చెల్లదు.

1. పునాది తవ్వే ముందే బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించాలి. టీడీఎస్ మీటరు ఒక్కటే చాలదు. అది మొత్తం ఎంతుందో చెబుతుంది గానీ క్లోరైడు ఎంత, సల్ఫేటు ఎంత అని చెప్పదు.

2. నీళ్లు బాగా లేకపోతే కలపడానికీ, మొదటి రోజుల క్యూరింగుకూ కాలువ నీళ్లో, మంచినీళ్ల ట్యాంకరో తెప్పించాలి. మొత్తం ఖర్చులో అది చిన్న భాగం.

3. 50 కిలోల బస్తాకు మొత్తం నీరు 25 లీటర్లు మించనివ్వకూడదు. ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోనిదే. జారుగా లేదని మేస్త్రీ మరో బకెట్ పోస్తే ఉప్పుకు దారులు తెరిచినట్టే.

4. మన ఎండలకు కనీసం 10 రోజులు, బూడిద లేదా స్లాగు కలిపిన సిమెంటుకు 14 రోజులు గోనెపట్టాలు ఆరకుండా తడిపి ఉంచాలి.

5. కమ్మీల కింద కవర్ బ్లాకులు పెట్టాలి. రాయి ముక్కలు, ఇటుక ముక్కలు పెట్టకూడదు. ఇటుక ముక్క తడిని నేరుగా కమ్మీకి చేరుస్తుంది.

6. పునాది మట్టం దగ్గర తడి పైకెక్కకుండా అడ్డుపొర తప్పక వేయించాలి. వజూఖానా, బాత్రూముల నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా పారే ఏర్పాటు ఉండాలి.

7. కొత్త సంపు మొదటి నీళ్లలో సున్నం, క్షారం దిగుతాయి. కొన్నిసార్లు నింపి ఖాళీ చేశాకే తాగడానికి వాడాలి.

8. సెప్టిక్ ట్యాంకు మూతలను పైనుంచి చూసి వదిలేయకూడదు. ఎత్తి, అడుగు భాగం చూడాలి. మెత్తబడితే మార్చాలి.

వీటిలో గొప్ప చదువు అవసరమైనది ఏదీ లేదు. కావలసింది పని జరుగుతున్నప్పుడు కమిటీ నుంచి ఒకరు దగ్గరుండి అడగడం. “ఈ నీళ్లు ఎక్కడివి? ఎన్ని లీటర్లు పోశారు? ఎన్ని రోజులు తడిపారు?” అనే మూడు ప్రశ్నలు అడిగితే చాలు. పునాది రాయి నాడు పదిమంది వస్తారు, స్లాబు నాడు మిఠాయి పంచుతాం. స్లాబు వేసిన మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు గోనెపట్టాలు తడిపే మనిషి కూడా ఆ దానంలో భాగస్వామే. ఆయన పేరు శిలాఫలకం మీద ఉండదు. కానీ ఆ కట్టడం ఎన్నేళ్లు నిలుస్తుందో చాలావరకు ఆయన చేతుల్లోనే ఉంటుంది.